వంద లీటర్లకు కిలో

ఆ ఆదివారం వెంకటప్పయ్యకు ఉన్న పని ఒక్కటే. ఇంటి వెనక కట్టించిన ఈతకొలను శుభ్రం చేసి, మధ్యాహ్నానికి బావమరిది పిల్లల్ని అందులో దింపడం. మామూలు మనిషికైతే గంటలో తెమిలిపోయే పని. కానీ వెంకటప్పయ్య పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తోటల్లో మందులు కొట్టిన మనిషి. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇల్లు వేంసూరు దగ్గర మామిడితోటలోనే. ఆ కొలను పెద్దదేమీ కాదు. రెండు ట్రాక్టర్ ట్రక్కులు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది, లోతు నడుం దాకా. అయినా అదంటే ఆయనకు ప్రాణం. మంచిరోజు చూసుకుని దిగుదామని ఆగాడు. మంచిరోజు కంటే ముందు పాచి వచ్చింది. నీళ్లు ఆకుపచ్చగా తిరిగాయి.

భార్య ప్రమీలారాణికి మొదటి నుంచీ ఆ కొలను గిట్టదు. పొద్దున్నే తేల్చి చెప్పేసింది. "మా మురళి పిల్లలు ఇయ్యాల ఇందులో దిగితే సరే. దిగకపోయిన్రో, రేపే మట్టి పోయించి అరటి పిలకలు పెట్టిస్త."

"అద్దం లెక్క చేసి చూపిస్త. నువ్వు కోడికూర సంగతి చూడు" అన్నాడు వెంకటప్పయ్య.

ఆయన లెక్కలో పాచి అంటే తెగులు. ఇట్లాంటి తెగులుకు మందు మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. నిజం చెప్పాలంటే అంతవరకు తప్పేమీ లేదు, మైలుతుత్తానికి పాచి చస్తుంది. కానీ చిటికెడు చాలు. ఆయన చేతికి తెలిసిన మోతాదు ఒక్కటే, చెట్లకు కొట్టే మోతాదు: వంద లీటర్లకు కిలో. కొలనులో ఉన్నవి పదివేల లీటర్లు.

"గోపాలూ! స్టోర్‌రూంలో యాభై కిలోల మైలుతుత్తం బస్తాలు రెండూ పట్రా."

గోపాలు తోటలో జీతగాడు. యజమాని ఏమన్నా ఔననడం అతని అలవాటు. "రెండూనా అయ్యా?"

"పాచి ఎంతుందో చూసినవా?"

"అవ్ అయ్యా, శానా ఉంది."

రెండు బస్తాలూ కరిగేసరికి నీళ్లు నీలంగా మెరిశాయి. వెంకటప్పయ్య మురిసిపోయి ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కొలను కట్టిన రాంబాబు నీళ్ల పరీక్షకని ఇచ్చిన రంగు కాగితం గుర్తొచ్చింది. ముంచి చూస్తే పసుపు రంగుకు మారింది. ఖమ్మంలో ఉన్న రాంబాబుకు ఫోన్ కొట్టాడు.

"నీళ్లు పులుపెక్కినయి సార్. ఏమన్న కలిపిన్రా?" అడిగాడు రాంబాబు.

"అబ్బే, ఏం కలపలే."

దవాఖానాకు పోయినా అంతే. అప్పటికే మందుల షాపులో కొని మింగిన గోళీల సంగతి డాక్టరుకు చచ్చినా చెప్పడు.

"అట్లయితే భయం లేదు సార్. పులుపు విరగ్గొడితే సరి. దానికి సోడా కొంచెం..."

పులుపు విరగ్గొట్టాలి అనేంతవరకే విని ఫోన్ పెట్టేశాడు. భూమిలో పులుపు విరగాలంటే రైతు ఏం వేస్తాడు? సున్నం. ఎంత వేస్తాడు? అది ఆయన చేతికి తెలుసు. గోపాలు సున్నం నానబెట్టి, వడగట్టి, బిందెలతో పోస్తుంటే, ఆయన వెదురుబొంగు పట్టుకుని గట్టు మీద తిరుగుతూ కలియబెట్టాడు. కాసేపటికి కొలను నీలిరంగు మజ్జిగయింది.

గోపాలు చెయ్యి ముంచి చూశాడు. "అయ్యా, నా చెయ్యి నాకే కనబడతలేదు."

మళ్లీ రాంబాబుకు ఫోన్. "ఇప్పుడు ఏ రంగున్నయి సార్?"

"నీలం."

"నీలమైతే మంచిదే కద!"

"కొద్దిగా చిక్కగున్నయి."

"నీళ్లు చిక్కగుండుడేంది సార్? నిజం చెప్పున్రి, ఏం కలిపిన్రు?"

"ఏం కలపలేదని చెప్తుంటే!" అని విసురుగా ఫోన్ పెట్టేసేలోపే గేటు దగ్గర కారు హారన్ మోగింది.

బావమరిది మురళీకృష్ణ దిగాడు. పిల్లలిద్దరూ నడుముకు గాలిట్యూబులు తగిలించుకునే కారు దిగారు. కొలను చూసి అక్కడే ఆగిపోయారు. ప్రమీలారాణి వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది.

"ఏందండీ ఇది? గోడలకేసే రంగా?"

"కాసేపు ఆగితే తేరుకుంటది, రాణీ."

"పిల్లల్ని ఇందులో దింపుతరా? గోపాలూ, రేపు పొద్దున్నే మట్టి ట్రాక్టరు మాట్లాడు!"

"అవ్ అమ్మా" అన్నాడు గోపాలు.

వెంకటప్పయ్యకు ఏడుపొక్కటే తక్కువ. ఎంత ముచ్చటపడి కట్టించుకున్నాడు! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా అందులో కాలు పెట్టలేదు.

మురళీకృష్ణ మాత్రం గట్టు మీద గొంతుక్కూర్చుని వాసన చూశాడు. "బావా, తుప్పు లేని ఇనప కత్తి ఉందా?"

"ఎందుకు, నన్ను పొడవడానికా?"

గోపాలు కత్తి తెచ్చాడు. మురళీకృష్ణ దాన్ని కొలనులో ముంచి, కొంతసేపు ఉంచి, తీసి ఎండకు తిప్పాడు. సున్నం తక్కువైతే మైలుతుత్తంలోని రాగి ఎర్రగా కత్తికి పడుతుంది. కత్తికి ఎర్రటి మరక ఒక్కటీ అంటలేదు. మొహం వెలిగిపోయింది.

"సున్నం సరిగ్గ సరిపోయింది బావా! అచ్చం తోటల తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం! నా బత్తాయి తోట మొత్తం బంక తెగులుతోటి పోతుంది. మొన్న మావోళ్లు కలిపింది కొడితే ఆకులు మాడిపోయినయి. అందరొద్దన్నా పెట్టిన తోట, నాకు నిద్ర పడితే ఒట్టు. ఇంత మంచిగ కలిపినోన్ని నేను చూడలే!"

వెంకటప్పయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. "మరేమనుకున్నవ్? నీ కోసమే కలిపిన" అన్నాడు.

కలిపిన మందు ఆరోజే కొట్టాలి. ఇంక చూడాలి ఉరుకులు! డ్రమ్ములొచ్చాయి, ట్రాక్టర్లొచ్చాయి. సంగతి తెలిసి పక్క తోటల వాళ్లు కూడా వచ్చి క్యూ కట్టారు. పిల్లల్ని అటు రానివ్వకపోతే ట్యూబులతోనే కూర్చుని కోడికూర తిన్నారు. పొద్దుగూకేసరికి కొలను అడుగు కనబడింది.

"మట్టి పోయిస్తవా అక్కా? పిచ్చా నీకు?" అన్నాడు మురళీకృష్ణ. "వచ్చే నెల మళ్లీ కొట్టాలె. ఇంత తొట్టి చుట్టుపక్కల ఎవరికుంది?"

ప్రమీలారాణి గట్టు మీద నిలబడి, దండాలు పెట్టి పోతున్న రైతులను చూసింది. పెళ్లయినప్పటి నుంచి మొగుడి పని మీద ఇంత గర్వం ఆమెకు ఎన్నడూ కలగలేదు.

"సరే, ఉండనీయండి" అంది.

వెంకటప్పయ్య ప్రాణం లేచొచ్చింది. "అయితే రేపు కడిగి మంచినీళ్లు నింపుకుంట, రాణీ!"

"ఈతకెందుకండీ? ఇయ్యాల మందు అందనోళ్లను ఎల్లుండికి రమ్మని చెప్పిన."

కొలనుకు గండం గడిచింది. వెంకటప్పయ్య ఈతకు పక్కూరి చెరువుకు పోతున్నాడు.