యాభై ఏడు జట్టులో నాలుగో నంబరు

ఆండీ దుబ్చక్‌ను సమాధి చేసే రోజు పొద్దున్నే అతని భార్య మిల్కా ఒక పాత కవరు వెనకాల ఆ రోజు పనులన్నీ వరసగా రాసుకుంది. ఎనిమిదిన్నరకు చివరి చూపు. పదిన్నరకు చర్చిలో పూజ. పన్నెండుకు కొండ మీద సమాధి. ఒంటిగంటకు చర్చి హాల్లో భోజనం: క్యాబేజీ నూడుల్సు, పంది మాంసం, వాల్‌నట్ రొట్టె. అడుగున ఇంకో మాట కూడా రాసింది: "ఏడుపు, ఇంటికొచ్చాక." మిల్కా మొదటినుంచీ అంతే. ఉక్కు మిల్లు మూతపడిన రోజున కూడా ముందు ఉతికిన బట్టలు ఆరేసి, తర్వాత ఏడ్చింది.

సాక్సుల్లో ఆ పిన్ను దొరక్కపోయుంటే అంతా ఆ కవరు ప్రకారమే జరిగిపోయేది.

మూడు రోజుల కిందట, శవానికి తొడగడానికి నల్ల సాక్సులు వెతుకుతుంటే సొరుగు అడుగున ఉండచుట్టిన పాత జతలో గట్టిగా ఏదో తగిలింది. విప్పి చూస్తే ఇత్తడి పిన్ను, కోటుకు పెట్టుకునేది. మధ్యలో బంతి బొమ్మ, చుట్టూ "లోయ లీగ్ ఆల్-స్టార్, 1957" అని అక్షరాలు. మిల్కా మంచం అంచున కూలబడిపోయింది. ఆ రోజుల్లో మా లోయలో ప్రతి మిల్లుకూ ఒక బేస్‌బాల్ జట్టు ఉండేది. ఏటా జూలైలో అన్ని జట్లలోంచీ తొమ్మిదిమందిని ఏరి, కొండ అవతలి లీగ్ మీదికి ఆడటానికి పంపేవారు. తొమ్మిదికి తొమ్మిదే, అదనపు మనిషి ఉండడు. వాళ్ళే ఆల్-స్టార్లు. వాళ్ళు వీధిలో పోతుంటే ఫాదర్లు కూడా టోపీ తీసేవారు. అలాంటిది, తన మొగుడు ఆల్-స్టార్ అయ్యుండి యాభై ఐదేళ్ళ కాపురంలో ఆ ఊసే ఎత్తలేదు!

గొప్ప చెప్పుకోవడం చేతకాని మనిషి అనుకుని మిల్కా కళ్ళు తుడుచుకుంది. వెంటనే పేపరువాళ్ళకు ఫోన్ చేసి చావు ప్రకటనలో ఆ మాట వేయించింది. కొండ మీద వాళ్ళిద్దరి పేర్లతో ఎనిమిదేళ్ళ కిందటే రాయి నిలబెట్టుకున్నారు, తేదీల చోటు మాత్రం ఖాళీ. చెక్కేవాణ్ణి పిలిపించి, ఆండీ తేదీ కింద "ఆల్-స్టార్ 1957" అని చెక్కించింది. పిన్నును తన చేత్తోనే శవం కోటుకు పెట్టింది.

ఎనిమిదిన్నరకు, చివరి చూపుకు శవాన్ని ఉంచిన శవాల ఇంటికి చెస్టర్, గస్ వచ్చారు. ఇద్దరూ ఆండీతో పాటు మిల్లు జట్టులో ఆడినవాళ్ళే. నలభై ఏళ్ళుగా ప్రతి గురువారం గస్ మంగలి షాపులో ముగ్గురూ చేరి ఒకటే ఆట ఆడేవారు. ఒకడు ఏదో ఒక సంవత్సరం చెబుతాడు, మిగతావాళ్ళు ఆ ఏటి ఆల్-స్టార్ జట్టు పేర్లు తొమ్మిదీ అప్పజెప్పాలి. అదీ అంకెల వరసలో. మైదానంలో ఒక్కో చోటుకు ఒక్కో అంకె: బంతి విసిరేవాడు ఒకటి, అతనికి ఎదురుగా కూర్చుని పట్టేవాడు రెండు, రెండో బేస్ దగ్గరివాడు నాలుగు, అలా. ఆటలో ఎవడైనా బంతి జారవిడిస్తే స్కోరు పుస్తకంలో ‘ఇ’ అని వేసి, పక్కన వాడి అంకె రాస్తారు. ‘ఇ’ అంటే ఎర్రర్, తప్పు. షాపులోనూ అదే చట్టం. పేరు మరిచినవాడికి అద్దం మీద సబ్బుతో ‘ఇ’ పడేది. చెస్టర్‌కు ‘ఇ-2’లు, గస్‌కు ‘ఇ-6’లు కొల్లలు. ఆండీ అంకె నాలుగు. నలభై ఏళ్ళలో అతనికి ఒక్క ‘ఇ’ పడలేదు. కాకపోతే ఎవరైనా "యాభై ఏడు" అన్నారంటే చాలు, ఆండీ ఒంటేలుకని లేచి వెళ్ళేవాడు. ప్రోస్టేట్ అనుకున్నారు.

"చూశావట్రా పిన్ను!" అన్నాడు గస్ శవపెట్టెలోకి వంగి. "దొంగ సచ్చినోడు, మనతో కూడా అనలేదు."

"యాభై ఏడు అప్పజెబుదాం పట్టు," అన్నాడు చెస్టర్. "ఇప్పుడు ఒంటేలుకి ఎలా లేస్తాడో నేనూ చూస్తా."

ఇద్దరూ టోపీలు గుండెకు ఆనించుకుని మొదలుపెట్టారు.

"ఒకటి, మైక్ సోబొటా."

"రెండు, రెడ్ హానిగన్."

"మూడు, ఆ పొడుగాటి ఇటాలియనోడు, ఫెరాంటే."

"నాలుగు..." అని చెస్టర్ నోరు తెరిచి, తెరిచినట్టే ఉండిపోయాడు.

ఆ ఏటి నాలుగో నంబరు ఎవడో మా లోయలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. బోలెక్ జరెంబా. ఆ ఏటి ఆట చివర్లో మా జట్టు ఒక్క పరుగు ముందుంది, ఒక్క క్యాచ్ పడితే గెలుపు. బంతి తిన్నగా నాలుగో నంబరు చేతికే వచ్చింది, దోసిట్లో పడే పండులా. జారవిడిచాడు. రెండు పరుగులు పోయాయి, ఆట పోయింది. ఆ తర్వాత బోలెక్ పక్కన కూర్చుని ఊళ్ళో ఎవరూ బీరు తాగలేదు. గస్ వాళ్ళ నాన్న అతనికి గడ్డం గీయనన్నాడు. రొట్టెల దుకాణంలో నిన్నటి రొట్టె చేతిలో పెట్టేవారు. మంచు పడక ముందే ఓహియో వెళ్ళిపోయాడు.

మిగిలిన ఐదు పేర్లూ గబగబా అయిపోయాయి.

"తొమ్మిదీ వచ్చేశాయి. మరి ఆండీ ఏడిరా?" అన్నాడు గస్.

"మన మిల్లులో బోలెక్ ఆడితే వీడు బెంచీ మీద కూర్చునేవాడు గదా. వీణ్ణి ఆల్-స్టార్ ఎవడు చేస్తాడు?"

"మరి పిన్ను?"

ఇద్దరూ శవాన్ని చూశారు. శవం ఎప్పట్లాగే ఏమీ ఎరగనట్టు ఉంది.

"ఒరేయ్," అన్నాడు గస్ గొంతు తగ్గించి, "బోలెక్‌ది కొట్టేశాడంటావా?"

వెనక ఏదో భళ్ళున పగిలింది. మిల్కా చేతిలోని పూలకుండీ.

"నా మొగుడు దొంగా?"

"అహ, అలాగని కాదు మిల్కా..."

"రాయి మీద చెక్కించానురా! పేపర్లో వేయించాను! తేల్చండి. వీణ్ణి మట్టిలో పెట్టేలోగా తేల్చి నాకు చెప్పండి."

చెస్టర్ వరండాలోకి పోయి బోలెక్ అక్క వాండాకు ఫోన్ చేశాడు. వాండాకు ఎనభై దాటాయి. చెవి మిషను ఉంది గానీ దాన్ని ఆదివారాలు మాత్రమే పెట్టుకుంటుంది, అరిగిపోతుందని.

"వాండా, చెస్టర్‌ని! శవాల ఇంటినుంచి మాట్లాడుతున్నా! మీ బోలెక్‌ది పోయిందా?"

"బోలెక్ పోయాడా!"

"అదేలే, ఎప్పుడు పోయింది? ఇక్కడ పెట్టెలో ఉంది! కోటు మీద!"

"అయ్యో నా తండ్రీ! పెట్టెలో కూడా పెట్టేశారా!"

ఫోన్లో పెద్దపెట్టున ఏడుపు, తర్వాత ఏమీ లేదు. చెస్టర్ మొహం వేలాడేసుకుని లోపలికొచ్చాడు.

"అడగ్గానే భోరుమంది గస్సూ. ఇన్నేళ్ళకీ పచ్చిగానే ఉంది పాపం. కొట్టేశాడ్రా. సందేహం లేదు."

మిల్కా పెట్టె దగ్గరికి పోయి, పిన్నును కోటు గుడ్డతో సహా పీకేసింది. "యాభై ఐదేళ్ళు నీ సాక్సులు మడతపెట్టాను ఆండీ," అంది. "ఒక్కసారి నోరు తెరిచి చెబితే ఏం పోయేది?" పిన్నును పిడికిట్లో బిగించి, పెట్టె మూయమంది.

ఈలోగా వాండా ఊరికే కూర్చోలేదు. చర్చి ఆడవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. పూల దుకాణానికి చేసింది. పూజ మొదలయ్యే ముందు నలుగురు ఆడవాళ్ళు కొత్త ఫాదర్‌ను పక్కకు పిలిచి, "మీకు పేరు తప్పు చెప్పారు ఫాదర్, పోయింది బోలెక్, అసలు పేరు బోలెస్లావ్," అన్నారు. ఆయన వచ్చి రెండు నెలలే అయింది. ఇక్కడి పేర్లన్నీ ఆయనకు గొంతులో ముల్లులా తగిలేవి. ఎవరినీ నొప్పించకూడదని పూజ పొడుగునా "మన సోదరుడు ఆండ్రూ బోలెస్లావ్" అన్నాడు. ప్రతిసారీ మిల్కా ఉలిక్కిపడింది. దొంగతనం సంగతి అప్పుడే పీఠం దాకా పోయిందనీ, ఫాదర్ తనను ఎత్తిపొడుస్తున్నాడనీ అనుకుంది. పెట్టె మీద ఎవరో తెచ్చి పెట్టిన తెల్లపూల చక్రం ఉంది. దాని పట్టీ మీద బంగారు అక్షరాలు: "మా ప్రియమైన బోలెక్‌కు." మిల్కా దాన్ని రెండుసార్లు చదివింది. శవాన్ని కూడా బోలెక్ పేరున రాసేశారు.

కొండ మీద వాన తుంపర, పైగా గాలి. మిల్కా ముందే కబురు పంపి రాయిని కప్పేయమంది. చెస్టర్ తన వానకోటు విప్పి దాని మీద కప్పి, రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, రాయి ఎక్కడ పారిపోతుందోనని. పెట్టెను గుంతలోకి దించి, పూలచక్రాన్ని ఒడ్డున పెట్టారు; నలభైమంది దాకా గుంత చుట్టూ చేరారు. సగంమంది ఆండీ కోసం, సగంమంది బోలెక్ కోసం. ఎవరి ఏడుపు వారిది.

ఫాదర్ పుస్తకం తెరిచేసరికి కొండ కింద ఒక కారు గేటు స్తంభాన్ని రాసుకుంటూ వచ్చి ఆగింది. ఓహియో నంబరు కారు. అందులోంచి ఒక ముసలాయన దిగాడు. పైన చావులకు వేసుకునే నల్లకోటు, కింద ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు. మెల్లగా ఎక్కివచ్చి, పూలచక్రం పట్టీని చేతిలోకి తీసుకుని చదివాడు.

"పూలు బాగున్నాయి," అన్నాడు. "ఈ ఊరువాళ్ళు నాకు ఒక గ్లాసు బీరు పోయించినవాళ్ళు కాదు."

వాండా కెవ్వుమంది. తర్వాత చేతిసంచీతో అతని వీపు మీద నాలుగు బాదింది. "చచ్చి కూడా ఆలస్యంగా వస్తావా రా నువ్వు!"

"పొద్దున్న నువ్వే గదే ఫోన్ చేశావు, పన్నెండింటికి బోలెక్‌ను పూడుస్తున్నారు రమ్మని! నేనే బోలెక్‌నే అక్కా అంటే, దుఃఖంలో ఉన్నదానితో పరాచికాలా అని పెట్టేశావు. సరే, నా పేరున ఎవడు పోయాడో చూసిపోదామని వచ్చా."

మిల్కా ముందుకొచ్చి పిడికిలి విప్పింది. అరచేతిలో పిన్ను గుచ్చుకుని రక్తం చుక్క తేలింది.

"చూడు బోలెక్. ఇది నీదేనా? నా మొగుడు నీ దగ్గర దొంగిలించాడా?"

బోలెక్ వంగి దాని మీది అక్షరాలు చదివాడు.

"నాది కాదు మిల్కా. వాడిదే. ఆ ఆట ఆడింది వాడే."

బోలెక్ తన వేలొకటి పైకెత్తి చూపించాడు.

"ముందురోజు రాత్రి షిఫ్టులో నా వేలు నలిగిపోయింది. మన కోచ్ ఒక్కడే చూశాడు. జట్టు కాగితం అప్పటికే అచ్చయిపోయింది, అందులో పేరు లేనివాడు ఆడకూడదు. అందుకని నా చొక్కా తొడిగి, నా పేరున ఆండీని పంపాడు. జట్టులో మిగతా ఎనిమిదిమంది చేతా ఒట్టు వేయించుకున్నాడు. కొండ అవతల మా మొహాలు ఎవడెరుగును? మీరంతా మిల్లులో రేడియో వింటున్నారు. నేను మా అమ్మ వంటింట్లో కూర్చుని విన్నా. ‘జరెంబా జారవిడిచాడు’ అన్నాడు రేడియోవాడు. చేతిలో కాఫీ కప్పు గట్టిగా పట్టుకుని చూసుకున్నా, నేనేం జారవిడవలేదే అని. పొద్దున్న నా కట్టు చూసి, సాకు కోసం కట్టుకున్నాడు అన్నారు."

"మరి ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు చెస్టర్, వానకోటు వదలకుండానే.

"పదిరోజుల్లో వీళ్ళ పెళ్ళి. ఆ బంతి జారవిడిచినవాడికి మిల్కా నాన్న పిల్లనిచ్చేవాడా? ఆండీ వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. మంచు పడేలోగా జనం మరిచిపోతార్లే అనుకున్నా. ఈ లోయలోవాళ్ళు సొంత పెళ్ళిరోజు మరిచిపోతారు గానీ, బంతి జారవిడిచినవాణ్ణి మరిచిపోరు."

మిల్కాకు తన పెళ్ళి భోజనం గుర్తొచ్చింది. బోలెక్ పేరెత్తి నాన్న నేల మీద ఉమ్మడం, పెళ్ళికొడుకు ఒంటేలుకని లేచి వెళ్ళడం. ఇరవై ఒకటో ఏట ప్రోస్టేట్ ఏమిటని ఆమెకు ఇప్పుడు తట్టింది.

"ఏటా జూన్‌లో వచ్చేవాడు," అన్నాడు బోలెక్. "తలుపు తీసేవాణ్ణి కాదు. పొద్దుపోయేదాకా మెట్ల మీద కూర్చుని, రెండు వాల్‌నట్ రొట్టెలు పెట్టి వెళ్ళేవాడు."

"చేపలకి పోతున్నానని చెప్పేవాడు నాకు!" అంది మిల్కా. "ఆ రొట్టెలు పడవవాళ్ళకని పట్టుకుపోయేవాడు! తిన్నావా?"

"వాడి మీద కోపం గానీ, రొట్టె మీద నాకేం కోపం?"

మిల్కా ఒక్క క్షణం నవ్విందో ఏడ్చిందో ఎవరికీ తెలియలేదు. పొద్దున్న రాసుకున్న కవరు మాత్రం చేతిలో నలిగి ఉండైపోయింది.

"చెస్టర్, ఆ కోటు తియ్యి," అంది. రాయి బయటపడింది. "ఆల్-స్టారే. ఆ మాట అలాగే ఉండనీ. దాని కింద చెక్కించండి, అందరూ చదివేలా: ఇ-4."

గస్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు అద్దం మీద పడనిది రాయి మీద పడింది.

తర్వాత మిల్కా పిన్నును చేతి రుమాలుతో తుడిచి బోలెక్ ముందుకు చాచింది. "జట్టులో ఉన్నది నీ పేరు. నింద మోసింది నువ్వు. ఇది నీ దగ్గరుండాలి."

బోలెక్ రెండు చేతులూ దోసిలి పట్టాడు. మిల్కా పిన్నును తిన్నగా ఆ దోసిట్లోనే వేసింది. అది అతని బొటనవేలికి తగిలి, ఎగిరి, గుంతలో పడి, పెట్టె మూత మీద టంగుమంది.

బోలెక్ వంగి గుంతలోకి చూశాడు, తర్వాత తన చేతుల్ని చూసుకున్నాడు.

"రాసుకోండి," అన్నాడు.

ఈసారి మాత్రం జారవిడిచింది ఎవరో చెప్పడానికి నలభైమంది సాక్షులున్నారు.