సున్నం పూసిన హెల్మెట్, ఫారం 17-సి

యుద్ధంలో సైనికుడి తలని కాపాడేది ఇనుమని కొందరు, దేవుడని కొందరు ఇన్నాళ్లూ పొరబడ్డారు. కాపాడేది ఫారం 17-సి అని మిషిగన్‌లోని యుద్ధకాల శిరస్త్రాణ వర్ణ నిర్ధారణ సంఘం 2011లో తేల్చేసింది. (సంఘంలో ముగ్గురు సభ్యులు. ముగ్గురికీ హెల్మెట్ అనుభవం ఉంది, సైకిల్ మీద.)

మిషిగన్‌లోనే నోవై అనే ఊళ్లో మా పక్కవీధి శ్యామ్‌సుందర్ కార్ల కంపెనీలో రంగుల ఇంజనీరు. ఆయన పక్కింట్లో అర్కాదీ అనే, అప్పటికి ఎనభై ఏడేళ్ల పెద్దాయన ఉండేవారు, ఒకప్పటి సోవియట్ సైనికుడు. 1943 చలికాలంలో, మంచులో శత్రువుకి కనబడకూడదని, ఆయన ఆకుపచ్చ హెల్మెట్‌కి గ్రీషా అనే స్నేహితుడు చీపురు ముక్కతో సున్నం పూశాడు. మంచు కరిగాక అందరూ సున్నం కడిగేసుకున్నారు. అప్పటికి గ్రీషా లేడు, అందుకని అర్కాదీ కడగలేదు. సోవియట్ విజయ దినమైన మే తొమ్మిదిన లైబ్రరీలో జరిగే ప్రదర్శనలో ఆ హెల్మెట్ పక్కన ఒక్కసారి నిలబడాలని పెద్దాయన కోరిక.

హెల్మెట్ అక్కడ పెట్టాలంటే సంఘం వారి సర్టిఫికెట్ కావాలి. "అదంతా నేను చూసుకుంటాను అంకుల్" అని శ్యామ్‌సుందర్ హెల్మెట్ ఇంటికి తెచ్చుకుని వెబ్‌సైట్‌లో ఫారం 17-సి తెరిచాడు. (పదకొండేళ్లుగా గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాడు. ఫారాలంటే భయం ఎప్పుడో చచ్చిపోయింది.) కామఫ్లాజ్, అంటే శత్రువుకి కనబడకుండా వేసే పూత, ఎలా వేశారన్న గడిలో "సున్నం, చీపురు" అని రాస్తే ఎర్రగీత వచ్చింది. చీపురు మోడల్ నంబరు అడిగారు. నంబరు లేని చీపురుతో యుద్ధం గెలవడం నిబంధనలకు విరుద్ధం.

జనవరిలో ఇంకో ఉత్తరం: కామఫ్లాజ్ పనిచేస్తుందని రుజువుగా మంచులో ఫోటో పంపండి. శ్యామ్‌సుందర్ పెరట్లో మోకాల్లోతు మంచులో హెల్మెట్ పెట్టి ఫోటో తీసి పంపాడు. వారంలో జవాబు వచ్చింది. "జతచేసిన ఫోటోలో హెల్మెట్ లేదు." ఒళ్లు మండి, కారు బానెట్ మీద పెట్టి ఇంకోటి పంపాడు. "హెల్మెట్ స్పష్టంగా కనబడుతోంది. కామఫ్లాజ్ పనిచేస్తున్నట్టు రుజువు కాలేదు." రెండు జవాబుల కిందా ఒకే సంతకం, చైర్మన్ విట్‌కోంబ్ గారిది.

"వీళ్ల మొహం మండ! కనబడితే ఒక తప్పు, కనబడకపోతే ఇంకో తప్పా?" అని శ్యామ్‌సుందర్ ఫోన్ చేసి గోల పెడితే, ఏప్రిల్లో స్వయంగా ఇంటికొచ్చి ఇన్‌స్పెక్ట్ చేస్తామన్నారు.

ఆఫీసరు ఇంటికొస్తున్నాడంటే తెలుగిల్లు ఊరుకుంటుందా? కార్పెట్‌కి వాక్యూమ్, గారెలకి పప్పు నానబెట్టడం. శ్యామ్‌సుందర్ ఆఫీస్‌కి వెళ్లగానే భార్య వసంతలక్ష్మి దీపపు కుందులతో పాటు హెల్మెట్‌ని కూడా సింకులో వేసి, చింతపండు పెట్టి తోమేసి, సాయంత్రం ఆయన రాగానే చూపించింది.

"ఆ సున్నం మరకలతో ఆఫీసర్ ముందు ఎలా పెడతామండీ? పెద్దాయన పరువేం కాను? చూడండి, ఎలా తళతళలాడుతోందో!"

శ్యామ్‌సుందర్ సోఫాలో కూలబడ్డాడు. "నీ శుభ్రం తగలెయ్య! అది మరక కాదే. చచ్చిపోయిన ఆయన ఫ్రెండ్ చేత్తో పూసింది."

అర్కాదీ వచ్చి హెల్మెట్‌ని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. తర్వాత వసంతలక్ష్మి తల నిమిరి, "గ్రీషాకి కూడా శుభ్రమంటే పిచ్చి" అన్నారు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. పోనీ మళ్లీ సున్నం పూద్దామా అంటే, పద్నాలుగో నిబంధన ప్రకారం కొత్త పూత మోసం.

విట్‌కోంబ్ గారు వచ్చారు. మూడు గారెలు తిన్నారు, నాలుగు నిమిషాలు హెల్మెట్ చూశారు. "ఆకుపచ్చ. కామఫ్లాజ్ లేదు. కాబట్టి సమస్యా లేదు" అని ముద్ర కొట్టేశారు. (అన్ని నెలల్లో సంఘం నుంచి అందరికీ అర్థమైన మొదటి మాట అదే.)

మే తొమ్మిదిన అర్కాదీ పాత కోటుకి పతకాలన్నీ తగిలించుకుని లైబ్రరీకి వచ్చారు. శ్యామ్‌సుందర్ దంపతులు చెరోవైపు పట్టుకున్నారు. అద్దాల పెట్టెలో హెల్మెట్, దాని కింద కార్డు: "సోవియట్, 1943. మంచులో యుద్ధానికి వాడిన ఆనవాళ్లు లేవు."

పెద్దాయన కార్డు రెండుసార్లు చదివారు. "మరి ఆ చలికాలమంతా నేనెక్కడున్నట్టు?" అని పక్కనే ఉన్న విట్‌కోంబ్ గారిని అడిగారు.

దానికి వేరే ఫారం ఉందట. ఆయన ఎంతో మర్యాదగా తీసి చేతికిచ్చారు. మొదటి గడిలో ఇలా ఉంది: ఆ మంచులో మీరు స్పష్టంగా కనబడుతున్న ఫోటో ఒకటి జతచేయండి.