దండకీ బొట్టుకీ రంగు

ఆ ఉదయం ఫొటో స్టూడియో ఆంథోనీ వేసుకున్న పథకం చిన్నదే. పెదబాబు గారి ఫొటోని షోకేసులో పెట్టాలి. ఇంటిల్లిపాదితో పెళ్ళిబట్టలకి కాకినాడ వెళ్ళిన ఆయన తిరిగొచ్చి చూసి మురిసిపోవాలి. కూతురి పెళ్ళి ఫొటోల పని తనకే ఇవ్వాలి. ఆ పెళ్ళి చేజారితే కొత్త కంప్యూటరు కొన్నందుకు భార్య జోసెఫిన్ చేతిలో తనకి మూడినట్టే.

అది పాతికేళ్ళ కిందటి సన్మానం ఫొటో, నలుపు తెలుపు. ఆంథోనీ కంప్యూటరు మీద కొత్తగా నేర్చిన విద్యంతా దానిమీదే చూపించాడు. మనిషిని అలాగే ఉంచి, మెడలో దండకీ నుదుటి బొట్టుకీ మాత్రం రంగు వేశాడు.

పూలకొట్టు వెంకన్న షోకేసు ముందు ఆగి, చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు.

"ఎప్పుడండీ?"

"నిన్న సాయంత్రం అయిపోయిందండి," అన్నాడు ఆంథోనీ గర్వంగా.

"బాగా కష్టమయ్యిందా?"

"రెండ్రోజులు నరకమేనండి. ఫ్రేములోకి ఎక్కేక గానీ మనసు కుదుటపడలేదు."

వెంకన్న కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి, అరగంటలో పెద్ద దండ పంపాడు. అప్పుడు గానీ ఆంథోనీ వీధిలోకి వచ్చి ఫొటోని చూడలేదు. ఎర్రబొట్టు, పూలదండ, మొహాన నెత్తురుచుక్క లేదు. పోయి గోడకెక్కిన పెద్దలందరూ ఇలాగే ఉంటారు.

ఆంథోనీ షోకేసులోంచి ఫొటో తీసేయబోతే, అప్పటికే మూగిన జనం తీయనివ్వలేదు. పెదబాబు గారింటికి తాళం ఉండటంతో, శవాన్ని కాకినాడ ఆసుపత్రి నుంచి తెస్తున్నారని ఎవరో తేల్చేశారు. చెరువుగట్టు తగువుతో పన్నెండేళ్ళుగా పెదబాబు గారితో మాటల్లేని తమ్ముడు వెంకటరమణ వచ్చి స్టూడియో మెట్ల మీద కూలబడ్డాడు.

"బతికే ఉన్నారండి," అన్నాడు ఆంథోనీ ఏడుపు గొంతుతో.

"అవునయ్యా, మన గుండెల్లో," అన్నాడాయన.

ఇక ఊరు వదిలిపోవడమే మేలనుకుంటూ ఆంథోనీ లోపలికి వెళ్ళేసరికి, ఆడవాళ్ళని బట్టలకొట్లో వదిలి ముందొచ్చేసిన పెదబాబు గారు వీధిలో దారిలేక చుట్టూ తిరిగొచ్చి పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"వీధినిండా జనవేంటోయ్? ఎవరు పోయేరు?"

"తమరేనండి, ఆయ్," అని, ఆంథోనీ జరిగిందంతా చెప్పాడు.

పెదబాబు గారి చెయ్యి లేచింది. అంతలో వీధిలోంచి తమ్ముడి గొంతు వినిపించింది. "తప్పంతా నాదే అన్నయ్యా. ఆ చెరువుగట్టు నీకే వదిలేస్తాను."

లేచిన చెయ్యి మెల్లగా దిగింది. పెదబాబు గారు కళ్ళు ఒత్తుకుని, కర్టెను చాటుకి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఫొటో తీసేస్తానండి," అన్నాడు ఆంథోనీ.

"పెళ్ళి ఫొటోలు నువ్వే తియ్యి. ఇది మాత్రం సాయంత్రం దాకా ఉంచు. మెట్టకూరు బావతో కూడా ఒక గట్టు తగువుంది."