నాలుగోదానికి సి

ఆ ఉదయం మల్లేశ్ పెట్టుకున్న పనులు రెండే: కూతురు యోగితను బడి దగ్గర దింపి, వచ్చిన బియ్యం బస్తాలు కొట్లో సర్దించడం. డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసులతోపాటు అద్దెలూ పెరుగుతుంటే తట్టుకోలేక, అతను పడమటి ఐర్లండ్‌లోని చిన్న ఊరు కాజిల్‌బార్ వచ్చి ఇండియన్ సరుకుల కొట్టు పెట్టుకున్నాడు. బడి గేటు దగ్గర ప్రిన్సిపాల్ నోరీన్ నిట్టూర్చింది.

"మార్కులు మళ్ళీ తగ్గాయి మల్లేశ్. గవర్నమెంటు లెక్కలో మనది వెనకబడిన బడి. పరీక్షలయ్యాక ఇన్‌స్పెక్టర్ వస్తాడు."

నష్టంలో నడిచే కొట్టుకు షట్టర్ పడుతుంది. బడికీ అంతేననుకున్నాడు మల్లేశ్. యోగితకు చదవడం కష్టం. రోజూ పక్కన కూర్చుని ఓపిగ్గా చదివించే ఓర్లా టీచర్ ఉన్నది ఆ బడిలోనే.

"మన దిక్కు ఏం జేస్తరు? బిట్లు బట్టీ కొట్టిస్తరు," అన్నాడు భార్య గిరిజాకుమారితో.

"ఇది మన దిక్కా? ఊకోరాదు," అందామె.

అతను ఊరుకోలేదు. ఏటా అదే ప్రశ్నపత్రం ఇస్తారని పై తరగతి పిల్లల దగ్గర కూపీ లాగాడు. వాళ్ళకు గుర్తున్న జవాబులు వరసగా కూర్చి, కొట్టు వెనకగదిలో ట్యూషన్ మొదలుపెట్టాడు. మురుకులు పెడుతున్నారని తెలిసి తరగతి తరగతంతా వచ్చి కూర్చుంది. పిల్లల్ని ఉచితంగా చూసుకుంటున్నాడని తల్లులు మురిసిపోయారు. "ఒకటోదానికి ఎ, రెండోదానికి డి" అని పిల్లలు ఎక్కాల్లా అరిచేవారు. యోగిత మాత్రం మూతి ముడిచింది.

"దట్స్ చీటింగ్, డాడీ. నేను చెయ్యను."

పరీక్షల్లో మార్కులు ఆకాశాన్నంటాయి. వెంటనే పై ఆఫీసు నుంచి కబురు వచ్చింది: బడి బాగుపడింది, కాబట్టి ఓర్లా టీచర్‌ను వేరే బడికి పంపుతున్నాం. వెనకబడినందుకే ఆమెను అదనంగా ఇచ్చారని మల్లేశ్‌కు అప్పుడు తెలిసింది. నష్టం చూపిన కొట్టుకు అదనంగా మనిషిని ఇచ్చే యజమానిని అతనెన్నడూ చూడలేదు.

"సంబురమైందా? పిల్ల పొద్దటిసంది ఏడుస్తున్నది," అంది గిరిజాకుమారి.

ఇంతలో ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ట్యూషన్ సంగతి నోరీన్ గొప్పగా చెప్పడంతో, ఆ కిటుకు మిగతా బళ్ళకూ చెబుతానని మల్లేశ్‌ను తరగతికి పిలిపించి, అందరి ముందూ కుర్చీ వేయించాడు. ప్రశ్నపత్రం తెరిచి, "నాలుగో ప్రశ్న..." అన్నాడు.

"సి!" అంది తరగతంతా.

"నేనింకా అడగలేదే!"

"ఏం అడిగినా సీయే సర్," అన్నాడు ముందు బెంచీలోని కానర్. "యోగిత వాళ్ళ డాడీ చెప్పాడు."

మల్లేశ్ తల దించుకుని తన బూట్లు చూసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ జవాబు పత్రాలన్నీ తిరగేసి ఒకటి బయటికి తీశాడు. తప్పులతో నిండిన యోగిత పత్రం.

"నమ్మదగ్గది ఇదొక్కటే," అన్నాడు.

కొత్త ప్రశ్నలతో పరీక్ష మళ్ళీ పెడితే మార్కులు పాత చోటికే దిగాయి. ఓర్లా టీచర్ ఉండిపోయింది. ఎవరూ మల్లేశ్‌ను ఒక్క మాటా అనలేదు. ఇంటికి వస్తూ యోగిత అతని చెయ్యి పట్టుకుని, "ఇట్స్ గ్రాండ్, డాడీ," అంది, ఏం పరవాలేదని ఆ ఊరివాళ్ళు అనేలాగే. తిట్టినా బాగుండేదనిపించింది మల్లేశ్‌కు.

ఆ సాయంత్రం మురుకుల కోసం వచ్చిన పిల్లలకు వెనకగది తలుపు మీద అట్టముక్క కనిపించింది: స్టాక్ లేదు.