చైర్మన్ గారి వారం ప్లాను

సోమవారం తెల్లారేసరికి కురబలకోట మీద మబ్బు కమ్ముకుని ఉంది. వాన పడేట్టు కాసేపు ఊరించి, ఏదో అర్జెంటు పని గుర్తొచ్చినట్టు కర్ణాటక వైపు వెళ్లిపోయింది. టమోటా తోట గట్టున నిలబడి దేవేంద్ర దాన్ని సాగనంపాడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి బోరు ఆగింది. కాయ పండుబారే సమయం. ఈ వారంలో నీళ్లు పెట్టకపోతే తోట దక్కదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రావాలంటే పైనున్నవాళ్లు ఎవరన్నా ఒక మాట చెప్పాలని లైన్‌మన్ తేల్చేశాడు.

అదృష్టవశాత్తూ పైనున్నవారు మదనపల్లెలోనే ఉన్నారు. రాష్ట్ర సమయ సద్వినియోగ మండలి చైర్మన్ భీమరావు గారు ఆ ఉదయమే విలేఖరులను పిలిచి చారిత్రక ప్రకటన చేశారు. ఇకమీదట తమ నిమిషాలన్నీ ప్రజలవేనని, అందుకోసం వారాన్ని స్లాట్లుగా విభజించామని. బెంగళూరు నుంచి వచ్చిన కన్సల్టెంటు ఒక్కో స్లాటుకు ఒక్కో రంగు వేశాడు. అంత అందమైన వారాన్ని తామెన్నడూ చూడలేదని విలేఖరులు ఒప్పుకున్నారు.

దేవేంద్ర వెళ్లేసరికి పి.ఏ. హరినాథ్ గుమ్మంలోనే ఆపాడు. సోమవారం ప్లానింగ్ రోజట. సారు లోపల వారాన్ని ప్లాన్ చేస్తున్నారట.

"పొద్దున్నే పేపరోళ్లకు సూపిస్తిరి గదప్పా ప్లాను?"

"అది ప్లాన్ సేసేదానికి ప్లాను."

మంగళవారం పుంగనూరులో 'ప్రజలతో మమేకం'. దేవేంద్ర బస్సెక్కి పోయాడు. చైర్మన్ గారు అతని భుజం మీద చెయ్యి వేసి, కెమెరా వైపు ఎంతో ఆప్యాయంగా చూశారు. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఎత్తబోతే హరినాథ్ పక్కకు లాగి, ఈ స్లాటులో మమేకం కావడమే గాని వినడం లేదని చెప్పాడు. వినడం బుధవారం కుప్పంలో పెట్టారట.

కుప్పంలో సమయపాలన మీద సదస్సు. పొద్దున్నే రమ్మన్నారు. చైర్మన్ గారు మధ్యాహ్నం దాటాక వచ్చి, ఆలస్యం దేశానికి పట్టిన చీడ అని చాలాసేపు మాట్లాడారు. ముగిస్తారేమోనని జనం ఆకలితో చప్పట్లు కొట్టారు. ఆయన ఉత్సాహం పుంజుకుని మొదటి నుంచి మళ్లీ చెప్పారు. వినే స్లాటు మాట్లాడే స్లాటులో కలిసిపోయింది.

దేవేంద్ర ఇల్లు చేరేసరికి తోటలో ఆకులు ముడుచుకుపోయాయి. భార్య వసంతమ్మ బిందెలతో నీళ్లు మోసి కొన్ని సాళ్లు తడిపి, ఇక చేతగాక గట్టు మీద కూలబడి ఉంది.

గురువారం హరినాథే ఫోన్ చేశాడు.

"నీ పంట పండిందప్పా. రేపు మధ్యాన్నం 'రైతు ఇంట భోజనం'. సారు మీ ఇంటికే వస్తాండాడు. నీ పక్కన కూసోని తింటాడు. నువ్వు మనసు విప్పి మాట్లాడేది."

"నేనే మాట్లాడేదా? ఆయప్ప మాట్లాడడు గదా?"

"నువ్వే. అరగంటా నీదే."

వసంతమ్మ గుడ్లు పెట్టే కోడిని కోసింది. మసాలా నూరుతూ మొగుడికి పాఠం చెప్పింది. "ట్రాన్స్‌ఫార్మర్ మాట ముందు సెప్పు. బాగుండారా, పిలకాయలు బాగుండారా అని నీళ్లు నమల్తా కూసోవద్దు." దేవేంద్ర గేదెల పాకలోకి పోయి, చెప్పాల్సింది ఎనుముకు రెండుసార్లు చెప్పి చూసుకున్నాడు. ఎనుము శ్రద్ధగా విన్నది.

శుక్రవారం కార్లు వచ్చాయి. చైర్మన్ గారు చాప మీద కూర్చున్నారు. పక్కనే దేవేంద్ర. సంగటి, కోడికూర, చెనిక్కాయలు నూరిన ఊరిమిండి పచ్చడి వడ్డించారు. దేవేంద్ర గొంతు సవరించుకున్నాడు.

"సార్, మా ట్రాన్స్‌ఫార్మర్..."

హరినాథ్ పెదాల మీద వేలు పెట్టుకుని వంగి, చెవిలో చెప్పాడు.

"కన్సల్టెంటు ప్లాన్ సరిసేసినాడప్పా. సారుకు ధ్యానానికి టైం సాల్లేదంట. మౌనం స్లాటూ భోజనం స్లాటూ ఒకటి సేసినారు. దాంతో సారుకు అరగంట మిగిలింది."

"మరి నేను సెప్పేది?"

"మనసు విప్పప్పా. నోరు వద్దు."

వసంతమ్మ కూరగిన్నెతో తలుపు దగ్గరే నిలబడిపోయింది. చైర్మన్ గారు కళ్లు మూసుకుని నమిలారు. కళ్లు తెరవకుండానే వేలు ఎత్తారు. ఆమె ఇంకో గరిటె వేసింది. మిగిలిన ఆ అరగంట కూడా ఆయన అక్కడే కూర్చుని తిన్నారు. హరినాథూ డ్రైవర్లూ ఫోటో తీసేవాడూ వరసగా కూర్చున్నారు. కాసేపటికి దేవేంద్ర కూడా తన కంచం ముందుకు లాక్కున్నాడు.