టీవీ ఆర్పే మీట

నేను చేసింది తప్పని మా ఆవిడ అంటుంది. మీరూ అంటారు. అనండి, కాకపోతే కాస్త దగ్గరికి జరిగి, పూర్తిగా విన్నాక అనండి.

నాది ప్రూఫులు దిద్దే పని. ప్రెస్సువాళ్ళు కాగితాలు ఇంటికి పంపుతారు. ముందుగదిలో గోడవారగా కూర్చుని దిద్దుతాను. ఆ నెల చేతిలో ఉన్నది మౌనం గొప్పతనం మీద తొమ్మిది వందల పేజీల పుస్తకం. గోడకి అవతల గార్డుగారి టీవీ.

గార్డుగారంటే రైల్వేలో ముప్పై ఏళ్ళు జెండా ఊపి రిటైరైన మనిషి. ఒంటరిగా ఉంటారు. పదింటికి నేను కలం మూత తీస్తే చాలు, ఆయన టీవీ గొంతు విప్పుతుంది. మధ్యాహ్నానికల్లా మా గోడమీది క్యాలెండరు వణకడం మొదలుపెడుతుంది. మా ఇంట్లో టీవీ లేదు. చప్పుడు పడదని నేనే తీయించేశాను.

ఒకరోజు టీవీలు బాగుచేసే దుకాణంలో తాళంగుత్తి బిళ్ళంత వస్తువు కనబడింది. ఒకటే మీట. నొక్కితే కంటికి కనబడని వెలుతురేదో వెళ్ళి, ఎదురుగా ఉన్న ఏ టీవీ అయినా ఆరిపోతుందట.

"సరదాకి సార్, ఎవరికీ నష్టం లేదు," అన్నాడు మెకానిక్కు.

నా జన్మలో సరదాకి కొన్న మొదటి వస్తువు అది.

మా రెండిళ్ళకీ వరండా ఒకటే. గార్డుగారి కిటికీ అందులోకే తెరుచుకుంటుంది. చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగి, నొక్కాను. గోడ మూగబోయింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆ రోజు నాలుగుసార్లు చెప్పులు వెతుక్కున్నాను. మూడోరోజుకి మా ఆవిడ పట్టేసింది.

"కాళ్ళకి ఉన్న చెప్పుల్ని వరండా అంతా వెతుకుతారేం?"

మీట చూపించక తప్పలేదు.

"ఇది దొంగపని," అంది.

"ఆయన చప్పుడు మనింట్లోకి రావచ్చు గానీ, నా మీట వెలుతురు ఆయనింట్లోకి వెళ్ళకూడదా?"

"చప్పుడు ఎవరింటి నుంచి వస్తోందో చెప్పి మరీ వస్తుంది. మీ వెలుతురు మొహం దాచుకుని వెళ్తోంది. నచ్చకపోతే తలుపు కొట్టి చెప్పండి."

"చెబితే బాగుండదే."

"చెప్పకుండా ఆర్పితే బాగుంటుందా?"

"నువ్వసలు ఎవరి పక్షం?"

"సీరియల్ పక్షం. రెండేళ్ళుగా ఆ గోడలోంచే వింటున్నా. ఆ కోడలు తలుపు తీసిందో లేదో మూడు రోజులుగా తెలియక చస్తున్నా."

ధర్మం అడ్డొస్తే వాదించగలను గానీ, సీరియల్ అడ్డొస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు? అయినా తగ్గలేదు. మర్నాడు కూడా చెప్పులు పోయాయి.

గార్డుగారు ముందు టీవీ నెత్తిన చరిచారు. తర్వాత రిమోటులో సెల్లులు మార్చారు. తర్వాత మెకానిక్కుని పిలిపించారు. వచ్చింది నాకు మీట అమ్మినవాడే. టీవీ విప్పాడు, బిగించాడు, వరండాలో నన్ను చూశాడు, నా చెప్పుల్ని చూశాడు. "సెట్టులో ఏమీ లేదు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గార్డుగారు మా గుమ్మంలోకి వచ్చారు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నారు.

"సెట్టులో లేదంటే నాలో ఉన్నట్టేగా బాబూ. నాకు తెలియకుండా నా చెయ్యే మీట నొక్కేస్తోందేమో. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి తప్పు జెండా ఊపలేదు ఈ చెయ్యి. ఇవాళ స్టవ్ వెలిగించడానికి కూడా దీన్ని నమ్మలేకపోయాను. కాస్త వచ్చి పక్కన కూర్చుంటారా? మీవి తప్పులు పట్టే కళ్ళు కదా."

ఇన్నాళ్ళూ నేను ఆర్పుతున్నది టీవీ అనుకున్నాను. ఆరుతున్నది ఇంకేదో అని అప్పుడు తోచింది. ఆ ఆలోచన నాకు బొత్తిగా నచ్చలేదు. సాయం కోసం మా ఆవిడ వైపు చూశాను.

"వెళ్ళండి, వెళ్ళి చూడండి," అంది. అంత మెత్తగా ఆవిడ నాతో మాట్లాడి చాలా కాలమైంది. అప్పుడే అనుమానించాల్సింది.

వెళ్ళాను. మీట జేబులోనే ఉంది. గార్డుగారు రిమోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. టీవీ ఇంకా పెట్టలేదు. ఇంతలో గోడలోంచి ఒక గొంతు వచ్చింది.

"మౌనమే మనిషికి, కామా, నిజమైన నగ, ఫుల్‌స్టాపు. కొత్త పేరా. నోరు మెదపనివాడు, కామా..."

గార్డుగారు చెయ్యి చాచి, అలవాటుగా టీవీ పెట్టి సౌండు పెంచేశారు. అప్పుడు నా వైపు తిరిగారు.

"అదేమిటి, మీరిక్కడుంటే అక్కడ చదివేదెవరు?"

మా ఆవిడ. నా ధోరణిలోనే, మధ్యలో నా దగ్గుతో సహా. నేను ప్రూఫులు పైకి చదువుతానని నాకు తెలుసు. గోడకి కూడా తెలుసని తెలియదు.

"రోజూ ఇలాగే వినబడుతుందా?" అన్నాను.

"పదింటి నుంచీ. నిద్రలో కూడా కామాలే. అందుకే సౌండు పెంచుతాను. లేకపోతే నాకు టీవీ మీద అంత మోజేం లేదు."

"ఒక్కమాట నాతో చెప్పొచ్చుగా."

"చెబితే బాగుండదని."

గోడకి అవతల మా ఆవిడ "ఫుల్‌స్టాపు" అంది.

మీట తీసి ఆయన అరచేతిలో పెట్టాను. నాలుగు రోజుల సంగతీ చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన మీట నొక్కారు. టీవీ ఆరింది. మళ్ళీ పెట్టి మళ్ళీ నొక్కారు. కుడిచేతిని మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసుకున్నారు.

"అయితే దీని తప్పేం లేదన్నమాట," అన్నారు. మీటను తన జేబులో వేసుకున్నారు. నేను అడగలేదు.

ఇప్పుడు ఆ టీవీ సీరియల్ వేళకే మోగుతోంది, అదీ మామూలు గొంతుతో. మా ఆవిడ అక్కడికే వెళ్ళి చూస్తోంది. కోడలు తలుపు తీసిందట. నేను మాత్రం కాస్త గొంతు పెంచితే చాలు, గార్డుగారు పాత విజిల్ తీసి ఊదుతున్నారు. నిన్న ఒక్క పేజీకే పదకొండుసార్లు.

"ఇదెక్కడి న్యాయం?" అన్నాను మా ఆవిడతో.

"ఆయన అందరికీ వినబడేలా ఊదుతున్నారు. వంగి చెప్పులు వెతకడం లేదు."

అయినా నేను ఒప్పుకోను. ఎవరింట్లో వాళ్ళకి నిశ్శబ్దంగా బతికే హక్కుంది. ఈ మాట ఎక్కడైనా, ఎవరిముందైనా గట్టిగా చెబుతాను. అందుకేగా మిమ్మల్ని ఇంత దగ్గరికి జరగమన్నాను. చెవి ఇలా ఇవ్వండి.