వఫ్రాలో నార్వే

శుక్రవారం పొద్దున్నే కువైట్‌లో, ఫింటాస్‌లోని విల్లా ముందర బండి తుడుస్తూ, ఆ రోజు ఎక్కడెక్కడ తప్పులు చేయాలో మునీంద్ర వరసగా అనుకుంటున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంటి డ్రైవరు. బండికి ఒక్క గీత పడనివ్వలేదు. అట్లాంటివాడు ఒక్క రోజులో చెడ్డ డ్రైవరని పేరు తెచ్చుకోగలడా అంటే, తెచ్చుకోగలననే అతని నమ్మకం.

కారణం చిన్నది. దాని వయసు ఏడాదిన్నర. పుల్లంపేట దగ్గరి ఊళ్ళో అతని కూతురు నడక కూడా నేర్చేసింది. తండ్రి మాత్రం ఆ పిల్లను ఫోటోలో తప్ప చూడలేదు. మేము వేసవికి పోయినప్పుడు నువ్వు మీ ఊరికి పోయి రమ్మని యజమాని మాటిచ్చి ఉన్నాడు. పనివాళ్ళంతా ఆయన్ని బాబా అంటారు. ఆ బాబా ఈసారి డెన్మార్క్‌లో బండి అద్దెకు తీసుకుని, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ చుట్టి ఎస్టోనియా దాకా ఇరవై ఎనిమిది రోజులు రోడ్డు మీదే తిరగాలని తీర్మానించాడు. అంత దూరం ఒక్కడే నడపలేడు కనుక తోడుగా మునీంద్ర కూడా రావాలన్నాడు. ఇంటి డ్రైవరుకు అది పెద్ద మర్యాద. అంత మర్యాదను కాదన్నవాడి ఇఖామా, అదే ఆ దేశంలో ఉండే అనుమతి, మళ్ళీ ఏడాదికి సాగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకని కాదనకూడదు, పనికిరాడనిపించుకోవాలి.

ఆ అవకాశం బాబానే ఇచ్చాడు. అహ్మదిలో చమురు కంపెనీలో ముప్పై ఏళ్ళు భద్రతా అధికారిగా చేసి రిటైరైన మనిషి. ముందు ఉత్తుత్తిగా ఒకసారి చేసి చూడందే ఏ పనీ మొదలుపెట్టడు. నిప్పు లేకుండా వందలమంది చేత నిప్పార్పించినవాడు, మంచు లేకుండా మంచులో నడిపించడానికి వెనకాడతాడా? మొదటి రోజు ప్రయాణం నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు. దాన్నంతా కువైట్‌లోనే తిప్పి తిప్పి సర్దాడు. ఆయన కాగితం మీద అహ్మది డెన్మార్క్. వఫ్రా నార్వే, అక్కడ గొర్రెలున్నాయి కాబట్టి. మే నెల, ఎండ నలభై నాలుగు. అయినా డ్రిల్లు డ్రిల్లే, అందరూ ఉన్ని కోట్లు వేసుకోవాలన్నాడు.

వంటమనిషి తిరుపాలమ్మ రాయచోటి మనిషి. పెద్దామె కనుక మునీంద్ర అక్కా అంటాడు. ఆమె మోకాళ్ళ దాకా వేలాడే కోటుకు గుండీలు పెట్టుకుంటూ వచ్చి బండి పక్కన నిలబడింది.

"ఏం మునీందరా, నన్ను గొర్రిని జేసినారు గదా. బొచ్చు కత్తిరించి ఇడిసిపెడ్తారా, కోసుకోని తింటారా?"

"సాయంత్రానికి అంతా ఖలాస్ అక్కా. నువ్వు సూస్తాండు," అన్నాడు మునీంద్ర.

బాబా, పనివాళ్ళు మామా అని పిలిచే ఆయన భార్య, ఆయన తల్లి, ముగ్గురు పిల్లలు, తిరుపాలమ్మ ఎక్కి కూర్చున్నారు. ఏసీ ఆఖరిదాకా తిప్పి బయల్దేరారు. అహ్మదిలో మునీంద్ర కావాలనే తప్పు సందులోకి మళ్ళించాడు. అది పోయి ఒక కాంట్రాక్టరు యార్డు గేటు దగ్గర ఆగిపోయింది. బాబా ముఖం ముడుచుకునేలోపలే గేటు తెరుచుకుంది. కాపలా ఉన్న వెంకటరాజుది నందలూరు. మునీంద్రతో ఒకే విమానంలో వచ్చినవాడు. యార్డు లోపలినుంచే తీసుకుపోయి పెద్ద రోడ్డెక్కించాడు. ఇరవై నిమిషాలు కలిసొచ్చాయి. 'మునీర్‌కు దారులు తెలుసు' అని బాబా రాసుకున్నాడు. మునీంద్ర అనే పేరు ఆయన నోట ఏనాడూ పూర్తి కాలేదు.

ఈసారి గట్టి తప్పే చేయాలనుకున్నాడు మునీంద్ర. వఫ్రా తోటల దగ్గర తారు రోడ్డు వదిలి మెత్తటి ఇసుకలోకి దించేశాడు. చక్రాలు సగం దాకా దిగబడ్డాయి, ఇంజను ఆగింది, దాంతోపాటు ఏసీ ఆగింది. ఇంక పని అయినట్టేనని దిగులు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. పది నిమిషాలు కాకముందే టమోటా తోటల్లోంచి ట్రాక్టరు వచ్చింది. దాని మీద గంగాధర. ఊళ్ళో వాళ్ళ వీధివాడే, వరసకు బావ.

"ఏం బావా, కండ్లకు కనపడే ఇసకలోకి దించినావే. నిద్ర పోతాండావా?"

మునీంద్ర దిగి అతని దగ్గరికి పోయి గొంతు తగ్గించాడు. "నువ్వెవురో నాకు తెలీదు. వొదిలిపెట్టి పో బావా, నీకు పున్నెముంటాది."

"ఆడోళ్ళు, పిల్లోళ్ళు ఎండలో కోట్లేసుకోని కూచోనుంటే వొదిలిపెట్టి పోవాల్నా? మీ యమ్మ నన్ను వాకిట్లోకి రానిస్తాదా?"

తాడు కట్టి లాగి, రెండు పెట్టెల టమోటాలు వెనకాల ఎక్కించి మరీ పోయాడు గంగాధర. ఎవరతను అని బాబా అడిగితే మా ఊరాయన అని చెప్పక తప్పలేదు. బాబా మళ్ళీ కాగితం తీశాడు.

ఇంతలో కోటు లోపల ఉడికిపోయిన బాబా తల్లికి కళ్ళు తిరిగాయి. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయారు. వరసగా దిగిన ఉన్ని కోట్లను చూసి, ఎండదెబ్బకు మందివ్వాలా, తలకు మందివ్వాలా అని డాక్టరు తటపటాయించాడు. నర్సు ప్రిస్కిల్లాది నరసాపురం. మునీంద్ర మాట వినగానే తెలుగువాడని పోల్చుకుని, డాక్టరుకు సర్దిచెప్పి, ముసలామెకు కోటు విప్పించి సెలైను పెట్టింది.

"మీరైనా చెప్పకూడదాండీ? ఇంత ఎండలో కోట్లేసుకుని వఫ్రా రావడమేంటండీ?"

"ఇది నార్వే కదమ్మా," అన్నాడు మునీంద్ర నీరసంగా.

ఈమె కూడా మీ ఊరేనా అని బాబా అడిగాడు. ఊరు కాదు బాబా, భాష అని చెప్పాడు. అదీ కాగితం మీదికెక్కింది.

మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. ముసలామె లేచి కూర్చుని టమోటాలు తింటోంది. బాబా పటం పరిచి, మునీంద్రను ఎదుట కూర్చోబెట్టుకున్నాడు.

"గేటు తీసింది నీవాడు. ఇసుకలోంచి లాగింది నీవాడు. మా అమ్మను లేపింది నీ మనిషి. ఈ ప్రయాణానికి నేను పదమూడు పేజీల ప్లాను రాశాను, వీళ్ళలో ఒక్కరూ అందులో లేరు. ఇప్పుడు చెప్పు మునీర్, నార్వేలో నీకు ఎవరున్నారు?"

మునీంద్రకు ప్రాణం లేచొచ్చింది. ఇన్ని తప్పులతో కాని పని ఒక్క నిజంతో అయ్యేటట్టుంది. నార్వేలో ఎవరూ లేరన్నాడు. స్వీడన్‌లో లేరు, ఫిన్లాండ్ పేరే బాబా నోట విన్నానన్నాడు. ఆ ఊపులో, ఇన్నాళ్ళూ నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట కూడా అనేశాడు.

"మావాళ్ళుండేది ఇక్కడ, లేకుంటే మా ఊళ్ళో. నేను పోయి రెండేళ్ళు దాటింది బాబా. నా బిడ్డను నేను ఇంకా ఎత్తుకోలేదు."

బాబా మీసం దువ్వుకున్నాడు. "నార్వేలో దిగబడితే మనల్ని ఎవరు లాగుతారు?"

"ఎవరూ లాగరు బాబా," అన్నాడు మునీంద్ర ధైర్యంగా.

బాబా పటం మడిచేశాడు. నీవాళ్ళు లేని రోడ్డు మీద నేను బండెక్కను, అన్నాడు. కాగితం వెనక్కి తిప్పి, పైన పెద్ద అక్షరాలతో పుల్లంపేట అని రాసుకున్నాడు. అక్కడినుంచి చుట్టూ ఇరవై ఎనిమిది రోజులు, ఇంటిల్లిపాదీ బండిలోనే. మబ్రూక్ మునీర్, ఇంటికి పోతున్నావు, అని అభినందిస్తూ భుజం తట్టాడు.

సాయంత్రం మునీంద్ర ఊళ్ళో భార్య వెంకటేశ్వరికి ఫోను చేసి, వస్తున్నానని చెప్పాడు. తనతో ఎవరెవరు వస్తున్నారో కూడా చెప్పాడు. అవతల ఆమె ఒక్కొక్కరినీ పైకే లెక్కపెట్టింది.

"రానీలే, మంచాలు అడిగి తెస్తా. ఇంతకీ నువ్వొచ్చేది సెలవు మిందనా, డ్యూటీ మిందనా?"

బాబా ఇచ్చిన కొత్త కాగితంలో డ్రైవర్లు అన్న గడిలో పేరు ఒక్కటే ఉంది, మునీర్ అని.